85కు ముందు పెళ్లైన ఆడపిల్లకు భాగం లేదా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. నా పెళ్లి 1983లో అయింది. నాన్న 2001లో పోయారు. తాతల నాటి నాలుగెకరాలు ఇద్దరు తమ్ముళ్లే సాగు చేసుకుంటున్నారు. నా భాగం అడిగితే, ‘ఎన్టీఆర్ చట్టం ప్రకారం 85కు ముందు పెళ్లైనవాళ్లకు రాదు. భూమి రాష్ట్రం పరిధిలోది, ఢిల్లీ చట్టం ఇక్కడ చెల్లదు’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: సగం నిజం చెప్పి మీకు టెన్షన్ పెట్టారమ్మా.

రాజ్యాంగంలో భూమి రాష్ట్రాల జాబితాలో, అంటే రాష్ట్రాలు చట్టం చేసే అంశాల్లో, ఉన్న మాట వాస్తవమే. కానీ మీ గొడవ భూమి శిస్తు గురించో, కౌలు గురించో కాదు, వారసత్వం గురించి. అది ఉమ్మడి జాబితాలో 5వ అంశం. దానిమీద పార్లమెంటూ చట్టం చేయొచ్చు, అసెంబ్లీ కూడా చేయొచ్చు. వ్యవసాయ భూమి వారసత్వం కూడా ఈ అంశం కిందికే వస్తుందని 2019లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇద్దరూ చేసిన చట్టాలు ఒకదానికొకటి పొసగకపోతే రాజ్యాంగంలోని 254వ అధికరణం చూడాలి. మామూలుగా పార్లమెంటు చట్టమే నెగ్గుతుంది. రాష్ట్ర బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దొరికితే మాత్రం ఆ రాష్ట్రం వరకు రాష్ట్ర చట్టం నిలుస్తుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం పిత్రార్జితంలో కూతురికి పుట్టుకతో హక్కు ఇవ్వలేదు. మన ఉమ్మడి రాష్ట్రం ఇచ్చింది, అదీ ఈ దారిలోనే. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని కూతుళ్లకే అని గీత గీసింది. మీ తమ్ముళ్లు పట్టుకున్నది ఆ గీతనే.

రాష్ట్రపతి సంతకం పడితే ఆ చట్టానికి ఇక తిరుగులేదని లాయర్లలోనూ కొందరు అనుకుంటారు. అదే అధికరణం చివర్లో, పార్లమెంటు తర్వాతైనా దాన్ని మార్చొచ్చు, తీసేయొచ్చు అని ఉంది. అక్కడిదాకా చదవరు! 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. పెళ్లి తేదీ ఊసే లేదు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మీ కేసులో అసలు చిక్కు వేరే ఉంది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో పంపకం జరిగి ఉంటే దాన్ని కదపలేం. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్నది మామూలుగా చెల్లదు. అయితే దాని ఆధారంగా అప్పుడే వేర్వేరు పాస్‌పుస్తకాలు తీసుకుని ఉంటే తమ్ముళ్లు గట్టిగానే వాదిస్తారు. కాబట్టి పార్టిషన్ దావా వేసేముందు ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే పత్రం), పాత అడంగళ్లు (ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే ఊరి లెక్కలు) తీయించి తేదీలు చూడండి. మధ్యలో ఎకరమో అరెకరమో అమ్మి ఉంటే అదీ ఈసీలో బయటపడుతుంది.