‘మునగవచ్చే ఇళ్లు’ అనవచ్చా?

ప్రశ్న: వరద హెచ్చరిక ఒకటి ఇంగ్లీషు నుంచి అనువదిస్తున్నాను. అందులో ‘హౌసెస్ దట్ మే బీ ఫ్లడెడ్’ అని ఉంది. ‘మునగవచ్చే ఇళ్లు’ అని రాస్తే చూసినవారు తప్పన్నారు. ‘ఇళ్లు మునగవచ్చు’ సరైనదే కదా, దాన్ని తిప్పి రాస్తే తప్పెలా అవుతుంది? పోనీ, ‘మునగగల ఇళ్లు’ అనవచ్చా?

సమాధానం: రెండూ వద్దు. ‘ముంపు ప్రమాదం ఉన్న ఇళ్లు’ అని రాయండి, సరిపోతుంది. మీ ప్రశ్న మాత్రం అంతటితో తీరేది కాదు.

తెలుగులో క్రియ నామవాచకానికి ముందు నిలవాలంటే దానికి క్రియాజన్య విశేషణ రూపం ఉండి తీరాలి: వచ్చిన, వస్తున్న, వచ్చే, రాని. ఇంగ్లీషులో ‘దట్’ తర్వాత మామూలు వాక్యమే వస్తుంది కాబట్టి ‘మే’, ‘మైట్’, ‘కెన్’ ఉన్నవి ఉన్నట్టే అక్కడ ఇమిడిపోతాయి. మనకు ఆ సదుపాయం లేదు. ‘వలెను’కు ‘వలసిన’ ఉంది, ‘కూడదు’కు ‘కూడని’ ఉంది, ‘గలడు’కు ‘గల’, ‘లేడు’కు ‘లేని’ ఉన్నాయి. చేయవలసిన, చేయకూడని, చేయగల, చేయలేని అని హాయిగా అంటాం. ఎటొచ్చీ ‘వచ్చు’, ‘వద్దు’ అనే రెండింటి దగ్గరే చిక్కు. ‘చేయవద్దు’ను కూడా తిప్పలేం, ‘చేయవద్దన్న పని’ అని ‘అన్న’ను తోడు తెచ్చుకుంటాం.

‘చేయవచ్చు’లోని ‘వచ్చు’ రావడమనే క్రియే. ‘చేయ వచ్చును’ అంటే చేయడం వీలవుతుందని. ఆ ఒక్క రూపంలోనే అది బిగుసుకుపోయింది. నేను చేయవచ్చు, నువ్వు చేయవచ్చు, వాళ్లు చేయవచ్చు. పురుష, వచనాలకు మారదు. ‘ఈత వచ్చు’లో మాత్రం బిగుసుకోలేదు గనుక ‘ఈత వచ్చిన పిల్లలు’ అంటాం. ‘చూడవచ్చిన జనం’ అంటే చూడటానికి వచ్చిన జనం అనే తోస్తుంది గాని, చూసే వీలున్న జనం అని తోచదు.

విచిత్రమేమిటంటే, ఇదే ‘వచ్చు’కు వ్యతిరేక రూపం చక్కగా బతికే ఉంది. ‘చేయరాదు’ నుంచి చేయరాని పని, చెప్పరాని బాధ, పట్టరాని సంతోషం వచ్చాయి. అంటరానితనంలో ఉన్నదీ ఆ ‘రాని’యే. కానీ దీనికి నిషేధమో, అశక్యతో అర్థం. జరగకపోవచ్చన్న సందేహాన్ని ‘రాని’ చెప్పలేదు. ‘మునగరాని ఇళ్లు’ అంటే మునగకూడని ఇళ్లు అవుతాయి!

ఇక ‘వచ్చే’ బదులు ఏం వాడాలన్నది అర్థాన్ని బట్టి ఉంటుంది. ‘ఈ పుట్టగొడుగులు తినవచ్చు’ అన్నప్పుడు అవి తినడానికి యోగ్యమైనవని భావం. కాబట్టి ‘తినదగిన పుట్టగొడుగులు’. ‘చక్రాల కుర్చీ ఈ దారిలో వెళ్లవచ్చు’ అంటే వీలు. ‘చక్రాల కుర్చీ వెళ్లే వీలున్న దారి’. ‘ఇక్కడ బండి నిలపవచ్చు’ అంటే అనుమతి; ‘బండి నిలపడానికి అనుమతి ఉన్న చోటు’. మీ వాక్యంలో ఉన్నది వీటిలో ఏదీ కాదు, సంభావ్యత. అక్కడ ‘మునిగే అవకాశం ఉన్న’ అనడం పత్రికల్లో వాడుకైపోయింది. వ్యాకరణరీత్యా తప్పు లేదు గాని, చెడుకు ‘అవకాశం’ అనడం నాకు నచ్చదు. పంట చేతికొచ్చే అవకాశం సరే, గోడ కూలే ‘అవకాశం’ ఏమిటి? ప్రమాదం అనండి. మంచీ చెడూ కాని చోట ‘సూచనలున్న’ అనండి.

‘అవకాశం’ వాడినప్పుడు ముందున్న రూపాన్ని కూడా చూసుకోవాలి. ‘గెలిచే అవకాశం ఉన్న అభ్యర్థి’ అంటే గెలుస్తాడేమో అని. ‘పోటీ చేయడానికి అవకాశం ఉన్న అభ్యర్థి’ అంటే పోటీకి అతనికి దారి తెరిచి ఉందని. ‘డానికి’ వాడితే సాధారణంగా వీలు వైపు, ‘గెలిచే’, ‘మునిగే’ వంటి రూపం వాడితే సంభావ్యత వైపు మొగ్గు.

‘గల’ సంగతి కొంచెం సున్నితం. దాని అసలు అర్థం సామర్థ్యం: ‘500 మంది కూర్చోగల హాలు’, ‘నడవగల పిల్లాడు’. ‘మునగగల ఇళ్లు’ అంటే ఇళ్లకు మునిగే విద్య తెలిసినట్టుంటుంది. అయితే ‘తలెత్తగల సమస్యలు’, ‘జరగగల నష్టం’ అంటే ఎవరికీ ఎబ్బెట్టుగా తోచదు. సమస్య, నష్టం, పరిణామం వంటివి జరిగే సంగతులు. వాటికి సామర్థ్యం అంటగట్టే ప్రసక్తి లేదు గనుక సంభావ్యతే మిగులుతుంది. మనుషులు, వస్తువుల దగ్గర ఆ వెసులుబాటు లేదు. వాతావరణ వార్తల్లోని ‘రాగల 24 గంటల్లో’ అన్నచోట సామర్థ్యమూ లేదు, సందేహమూ లేదు, అది ఉత్త భవిష్యత్తు.

‘మునిగే ఇళ్లు’ అని ఊరుకుంటే? ‘తాగే నీళ్లు’ అంటే తాగదగిన నీళ్లే కదా అని మీరు అడగవచ్చు. రోజువారీ వాడుకలో ఆ రూపం చాలాచోట్ల సరిపోతుంది. హెచ్చరికలో సరిపోదు, మునగడం ఖాయమన్నట్టు వినిపిస్తుంది. 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఏడు మండలాలను ‘పోలవరం ముంపు మండలాలు’ అన్నారు. అక్కడ ‘ప్రమాదం ఉన్న’ అనలేదు, ప్రాజెక్టు కడితే మునక తప్పదు గనుక. మీ హెచ్చరికలో ఆ రెండు మాటలూ వదలకూడదు.

జరిగిపోయిన సంగతిని ఊహించేటప్పుడు ‘అవకాశం’ అతకదు. అక్కడ వాక్యాన్ని పూర్తిగా ఉంచి ‘అని’తో కలపండి: ‘వ్యాధి సోకి ఉండవచ్చని అనుమానిస్తున్న రోగులు’. ‘మునగకపోవచ్చు’ను తిప్పాలన్నా దారి ఇదే: ‘మునగకపోవచ్చని అధికారులు చెబుతున్న ఇళ్లు’. అనుమానించేవారు, చెప్పేవారు ఎవరో మూలంలో లేకపోతే మాత్రం కర్తను మీరు కల్పించకండి. అలాంటిచోటా, వాక్యం పొడవైనప్పుడూ, ‘వచ్చు’ను కదపకుండా చివర ‘ఓ’ చేర్చండి: ‘గోదావరి గట్టు తెగితే ఏయే ఇళ్లు మునగవచ్చో, ఆ ఇళ్లవాళ్లు ముందే పునరావాస కేంద్రాలకు వెళ్లాలి.’