చిట్టి పాడి కెన్యా ప్రయాణమా?

ప్రశ్న: మాది హనుమకొండ. ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ని, జీతం 48 వేలు. నెల ఖర్చు 38 వేలు. చిట్టి వాయిదా 10 వేలు, కెన్యాలో ఒక పాప చదువుకు నాలుగేళ్లుగా పంపుతున్న 1,500 అందులోనివే. పాపకిప్పుడు పదేళ్లు. ఏప్రిల్ సెలవుల్లో నేనూ మా ఆవిడా వెళ్లి తననీ, తన బడినీ చూసి రావాలని ఆశ. ఇద్దరికీ 2.8 లక్షలవుతుంది. 3 లక్షల చిట్టిని 70 వేలు తగ్గించి పాడుకుని, మిగతాదానికి నగలు కుదువ పెడదామనుకుంటున్నాం. ఈ ఖర్చుకు పన్ను మినహాయింపు ఉంటుందా?

జవాబు: తీర్థయాత్ర, అమ్మాయి దగ్గరికి అమెరికా, ఇప్పుడు కెన్యా. ‘జీవితంలో ఒక్కసారే కదా సార్’ అన్న మాట మాత్రం నాకొచ్చే ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది.

బ్యాంకులో ఎంతుందో మీరు రాయలేదు. ఫోన్ చేసి అడిగితే 35 వేలన్నారు. ఒక నెల ఖర్చుకే చాలదు. పైగా ఏప్రిల్, మే నెలల్లో కాలేజీ సగం జీతమే ఇస్తుందట. 24 వేలతో 38 వేల ఇల్లు నడపాలి, రెండు నెలలకు 28 వేలు తక్కువ. ఉన్న 35 వేలు దానికే సరి. అదే నెలలో నైరోబీ విమానం ఎక్కుతానంటున్నారు!

ఏడో నెలలోనే చిట్టి పాడితే చేతికొచ్చేది 2.3 లక్షలు. మిగిలిన 23 వాయిదాలు తప్పవు, నగల మీద వడ్డీ వేరు. జూన్‌లో కాలేజీవాళ్లు ‘ఈ ఏడాది సెక్షన్లు తగ్గాయి’ అంటే? ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో చేరితే? నగలు అప్పటికే కుదువలో ఉంటాయి, చిట్టి డబ్బు ఖర్చయిపోయి ఉంటుంది. ఇక మిగిలేది యాప్ అప్పు. అప్పుడు మీరు మొదట ఆపేది ఆ పాపకు పంపే 1,500నే. ఇది నేను చూసిన సంగతే.

ముందు ఆరు నెలల ఖర్చు, అంటే 2.28 లక్షలు పక్కన పెట్టండి. వేసవి కోత పోను మీకు ఏడాదికి 72 వేలు మిగులుతుంది. రెండేళ్లలో, ఉన్నదానితో కలిపి 1.79 లక్షలు. చిట్టిని చివరిదాకా ఉంచండి. వచ్చినదాంట్లో 50 వేలు ఈ నిధిలో కలపండి, మిగతాది ప్రయాణానికి. ప్రయాణానికి తగ్గినదాన్ని చిట్టి ముగిశాక మిగిలే నెలకు 10 వేలతో పూడ్చుకోవచ్చు. నిధిని దాచేది బ్యాంకు ఎఫ్‌డీలోనా, త్వరగా వెనక్కి తీసుకోగల లిక్విడ్ ఫండ్‌లోనా అన్నది మీ ఇష్టం. పర్సనల్ లోన్ ఊసెత్తకండి. ఆరోగ్య బీమా లేకుంటే అదీ తీసుకోండి.

అసలు ఏప్రిల్‌లో వెళ్తే బడి మూసి ఉంటుంది. కెన్యాలో చదువు జనవరిలో మొదలవుతుంది, మొదటి టర్మ్ అయ్యాక ఏప్రిల్‌లో సెలవులిస్తారు. మేలో రెండో టర్మ్ నడుస్తుంది, మీకూ అప్పుడు సెలవులే. పాపను కలవడానికి, మీరు డబ్బు పంపే సంస్థ అనుమతి ముందే అడగండి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం)లో వేస్తారు. ఆ టీకా కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు.

పన్ను మినహాయింపు లేదు. ప్రయాణానికే కాదు, విదేశీ సంస్థకు నేరుగా పంపిన విరాళానికీ విరాళాల మీద ఇచ్చే మినహాయింపు వర్తించదు.

టికెట్ల ఏజెంటుకు అడ్వాన్స్ ఇచ్చి ఉంటే ఈ వారమే వెళ్లి వెనక్కి అడగండి.