టెలిస్కోప్ ఐపీస్ (మనం కన్ను పెట్టి చూసే లెన్స్ భాగం) మీద వేలిముద్రలు పడితే కళ్లద్దాల గుడ్డతో తుడవొచ్చా?

తుడవొచ్చు, కానీ ముందు దుమ్ము పోవాలి. మేడ మీది దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, అందులోని క్వార్ట్జ్ గాజు కంటే గట్టిది. దాని మీద గుడ్డ పెట్టి రుద్దితే గరుకు కాగితంతో తోమినట్టే. పైగా లెన్స్ మీద ఉండే మెగ్నీషియం ఫ్లోరైడ్ పూత మందం మిల్లీమీటరులో దాదాపు పదివేలో వంతు. గీత పడితే ఇంట్లో సరిచేసుకోలేం.

నేను విశాఖలో స్కూలు పిల్లలకు చంద్రుణ్ణి, శని వలయాల్ని చూపిస్తుంటాను. వాళ్లు చూసి వెళ్లాక ఐపీస్ మీద ఎక్కువగా మిగిలేవి కనురెప్పల జిడ్డు, కాటుక, తలనూనె వేలిముద్రలు. అన్నిటిలోకీ కాటుక మొండిది. పొడి గుడ్డతో తుడిస్తే పోదు సరికదా, లెన్సంతా పరుచుకుంటుంది.

అందుకే నేను మొదట ఐపీస్‌ను బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో గాలి కొడతాను, దుమ్ము కిందికి రాలిపోతుంది. నోటితో ఊదను, తుంపర్లు పడతాయి. తర్వాత కొత్త ఇయర్ బడ్ కొసకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క. చుక్క దూది మీదే వేయాలి. లెన్స్ మీద వేస్తే అంచు సందులోంచి లోపలికి దిగుతుంది, ఆ మరక ఇక బయటి నుంచి పోదు. అస్సలు నొక్కకుండా మధ్య నుంచి అంచు వైపు గుండ్రంగా తిప్పుతాను. ఒకసారి వాడిన బడ్ మళ్లీ లెన్స్‌కి తగలనివ్వను. చివర్లో పొడి బడ్. దీనికి హ్యాండ్ శానిటైజర్ మాత్రం వద్దండీ, అందులో సాధారణంగా ఉండే గ్లిజరిన్ పొరలా మిగిలిపోతుంది. అసిటోన్ కూడా వద్దు, ప్లాస్టిక్ భాగాల్ని కరిగించేస్తుంది.

నాలుగైదు దుమ్ము రేణువులే ఉంటే అసలు ముట్టుకోకండి. టార్చి వేసి చూస్తే ఏ లెన్సయినా మురికిగానే కనిపిస్తుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. చంద్రుణ్ణి చూస్తుంటే మచ్చలు కనిపిస్తున్నాయా? ఐపీస్‌ను దాని చోటే తిప్పండి. మచ్చలు కూడా తిరిగితేనే అవి ఐపీస్ మీదివి.

మా సముద్రపు గాలిలో దుమ్ము కంటే ఫంగస్‌కే నేను ఎక్కువ భయపడతాను. మంచు పట్టిన ఐపీస్‌ను తుడవకుండా ఆరనిచ్చి, ఆ తర్వాతే మూత పెట్టి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో ఉంచండి.

మీది న్యూటోనియన్ టెలిస్కోప్ (ముందు లెన్స్‌కు బదులు అద్దంతో పనిచేసేది) అయితే, ఈ బడ్ పద్ధతి దాని అద్దం మీద వాడకండి. అక్కడ అల్యూమినియం పూత పైభాగానే ఉంటుంది, చాలా సులువుగా గీతలు పడతాయి.