సిగరెట్ మానని పెద్దాయనకు క్రీమ్ రాయొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. ఇంగ్లండ్‌లో కేర్ వర్కర్‌గా పని చేస్తున్నాను. నేను రోజూ వెళ్లే ఒక ఇంట్లో ఎనభై దాటిన పెద్దాయన ఉన్నారు. కాళ్లకు ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు), రోజుకు మూడుసార్లు పారాఫిన్ (పెట్రోలియం నుంచి తీసే జిడ్డు) ఉన్న క్రీమ్ రాయాలి. ఆయనేమో కుర్చీలో కూర్చుని సిగరెట్లు కాలుస్తుంటారు. డబ్బా మీదున్న మంటల హెచ్చరిక చూపిస్తే ‘ఇదేమన్నా పెట్రోలా?’ అని నవ్వేశారు. నాకేమో టెన్షన్. క్రీమ్ ఆపేయమనాలా? ఊళ్లో మా అమ్మ కూడా ఇలాంటిదే వాడుతోంది. - ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: క్రీమ్ ఆపించొద్దు. ఆపితే చర్మం పగులుతుంది, దురద ఆగక గోకుతారు, పుండు పడుతుంది. ఆ వయసులో కాలి మీద పుండు మానడానికి నెలలు పట్టొచ్చు.

పెద్దాయన మాటలో సగం నిజం ఉంది. ఆ క్రీమ్ పెట్రోల్‌లా డబ్బాలోంచి భగ్గుమనదు. రాసుకున్నంత మాత్రాన ఒళ్లూ అంటుకోదు. చిక్కంతా గుడ్డతోనే. కాళ్లకు రాసింది పైజామాకు, కట్టుకు, దుప్పటికి, కుర్చీ కవరుకు అంటుతుంది. తడి ఆరిపోయినా జిడ్డు దారాల్లోనే ఉండిపోతుంది. దీపంలో ఒత్తి చేసే పనే అప్పుడు ఆ గుడ్డ చేస్తుంది. ఒళ్లంతా పొడిబారినవాళ్లకు వారానికి 500 గ్రాముల దాకా క్రీమ్ పడుతుంది. అందులో ఎంత బట్టల్లోకి పోతుందో మీరే ఊహించండి. అలాంటి గుడ్డ మీద నిప్పురవ్వ పడితే మామూలు గుడ్డ కంటే తొందరగా అంటుకుని, వేగంగా పాకుతుంది. చటుక్కున లేవలేని మనిషికి తేరుకునే వ్యవధే ఉండదు.

బ్రిటన్‌లో మొదట్లో ఈ హెచ్చరిక 50 శాతానికి మించి పారాఫిన్ ఉన్నవాటికే ఉండేది. 2018 డిసెంబర్‌లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏ, పారాఫిన్ ఎంతున్నా ముప్పు ఉన్నట్టేనని, అది లేని క్రీములకూ ముప్పు లేదని చెప్పలేమని తేల్చింది. అప్పటికే ఇలాంటి మంటల్లో 50 మందికి పైగా చనిపోయినట్టు ఫైర్ సర్వీసుల ద్వారా తెలిసింది. కాబట్టి ‘పారాఫిన్ లేనిది వాడుతున్నాం, మాకేం భయం’ అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి.

ఇక ఆయనకు ఎలా చెప్పాలన్నది. చాలామంది డాక్టర్లు ‘మంటకు దూరంగా ఉండండి’ అని ఒక ముక్క అనేసి మందు రాసిచ్చేస్తారు. అరవై ఏళ్లుగా సిగరెట్ మానమని వింటున్న మనిషి చెవిలో అది అదే పాత పాటగా పడుతుంది. అందుకే సిగరెట్‌తో మొదలుపెట్టకండి, గుడ్డతో మొదలుపెట్టండి. ఆయన కుర్చీ చేతుల మీద నల్లగా మెరిసే జిడ్డు మరక ఉండే ఉంటుంది. దాన్ని వేలితో తాకి చూపించండి. ‘క్రీమ్ మంచిదే, రోజూ రాస్తాను. కానీ అది ఇక్కడికి కూడా చేరింది. దీని మీద సిగరెట్ నిప్పు రాలితే ఆర్పేలోపే పెద్దదవుతుంది’ అనండి. ‘అర్థమైందా?’ అని మాత్రం అడక్కండి, ఎవరైనా తలూపేస్తారు. ‘మీ అమ్మాయి వస్తే ఈ కుర్చీ గురించి ఏం చెప్తారు?’ అని అడగండి. ఆయన నోటితో చెప్పినప్పుడే విన్నట్టు లెక్క.

సిగరెట్ మానేస్తే అన్నిటికన్నా మేలు. మానకపోతే, క్రీమ్ తగలని కోటు వేసుకుని బయటికి వెళ్లి కాల్చాలి. క్రీమ్ అంటిన కుర్చీలోనూ మంచం మీదా కాల్చకూడదు. బట్టలూ దుప్పట్లూ తరచూ మార్చండి, ఎక్కువ వేడి నీళ్లతో ఉతకండి. ఉతికితే జిడ్డు తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు, అది గుర్తుంచుకోండి. అంటే ‘నిన్ననే ఉతికాం’ అన్నది సిగరెట్‌కి లైసెన్సు కాదు. గ్యాస్ పొయ్యి, కొవ్వొత్తి, హీటర్ విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవారైతే ముప్పు ఇంకా ఎక్కువ, వెంటనే జీపీకి (అక్కడి ఫ్యామిలీ డాక్టర్‌కు) చెప్పాలి.

ఇదంతా మీరొక్కరే మోయకండి. మీ మేనేజర్‌కు చెప్పి కేర్ ప్లాన్‌లో (ఆయన్ను ఎలా చూసుకోవాలో రాసిపెట్టే కాగితంలో) రాయించండి, లేకపోతే మీరు సెలవులో ఉన్న రోజు వచ్చే కేరర్‌కు ఈ సంగతే తెలియదు. ఫైర్ సర్వీస్‌కు ఫోన్ చేస్తే ఇంటికొచ్చి చూస్తారు, డబ్బులు తీసుకోరు. స్మోక్ అలారం పనిచేస్తోందో లేదో చూసి, మంట తట్టుకునే దుప్పట్ల గురించి కూడా చెబుతారు.

ఒకవేళ బట్టలంటుకుంటే పరుగెత్తనివ్వకుండా నేల మీద పడుకోబెట్టి దొర్లించాలి. ఆర్పడానికి మంచం మీద క్రీమ్ అంటిన దుప్పటి తీసుకోకండి. అక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చేసి, కాలిన చోట 20 నిమిషాలు చల్లటి కుళాయి నీళ్లు పోయాలి. పేస్టు, సిరా, పసుపు లాంటివి పూయొద్దు.

మీ అమ్మగారి విషయానికొస్తే, అక్కడ సిగరెట్ లేకపోయినా దీపం, హారతి, దోమల చుట్ట, గ్యాస్ స్టవ్ ఉన్నాయి. ఒంటికంతా రోజూ కొబ్బరి నూనె పట్టించుకునే అలవాటున్నా జాగ్రత్త ఇదే. రాత్రి క్రీమ్ రాసుకుని పడుకున్న నైటీతోనే పొద్దున టీ పెట్టడానికి స్టవ్ దగ్గరికి వెళ్లొద్దనండి. పూజకు, వంటకు క్రీమ్ తగలని చీరలు విడిగా పెట్టుకోమనండి. మడి అలవాటున్నవారైతే దీనికి పెద్దగా బతిమాలాల్సిన పని ఉండదు, పైట చెంగు నడుముకు దోపుకోమని మాత్రం ఫోన్‌లో మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుంది.