కర్బనం కాలి బూడిదవుతుందా?

సందేహం: ఒక వ్యాసంలో ఈ వాక్యం చదివాను: “భూ వినియోగం పెరగడం వల్ల రేగిన కార్చిచ్చుల్లో అడవుల్లో నిల్వ ఉన్న కర్బనమంతా కాలి బూడిదై వాతావరణం మారిపోతోంది.” మనుషులు కావాలని పెట్టిన మంటను కూడా కార్చిచ్చు అనవచ్చునా? దావానలం అంటే మరింత సరిగా ఉంటుందా? భూ వినియోగం ‘పెరగడం’ అంటే ఏమిటి? చివరి మాట వాతావరణమా, శీతోష్ణస్థితా? ‘నిల్వ’, ‘నిలవ’ రూపాల్లో ఏది ఒప్పు? దయచేసి వివరించగలరు.

సమాధానం: మీరు అడిగినవన్నీ అడగవలసిన ప్రశ్నలే. అయితే ఆ వాక్యంలోని అన్నిటికన్నా పెద్ద పొరపాటు మీరు అడగకుండా వదిలిన చోట ఉంది కనుక, అక్కడి నుంచే మొదలుపెడతాను. కర్బనం కాలి బూడిద కాదు. కట్టె పూర్తిగా కాలినప్పుడు అందులోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, కార్బన్ డైఆక్సైడ్‌గా మారి, కంటికి కనబడకుండా వెళ్లిపోతుంది. వెనక మిగిలే బూడిద చాలా వరకు, చెట్టు బతికి ఉన్న రోజుల్లో వేళ్లతో నేల నుంచి పీల్చుకున్న కాల్షియం, పొటాషియం, మెగ్నీషియం వంటి ఖనిజాల పొడి. అంటే కాలేది కర్బనం, కాలకుండా మిగిలేది బూడిద. ఆ వాక్యం రెండింటినీ తారుమారు చేసింది.

మనం ‘కాలి బూడిదైంది’ అంటాం, ‘కాలి బొగ్గయింది’ అంటాం, ‘మాడి మసైంది’ అంటాం. నిత్యవ్యవహారంలో మూడింటికీ ‘నాశనమైపోయింది’ అన్న ఒక్కటే భావం కాబట్టి, నోటికి ఏది వస్తే అది వాడినా తప్పు లేదు. అడవి మంటల గురించి రాసేటప్పుడు మాత్రం ఇవి మూడు వేరువేరు సంగతులు. బూడిదైందంటే కర్బనం గాలిలో కలిసిందని అర్థం. బొగ్గయిందంటే గాలి చాలక కర్బనంలో కొంత భాగం నల్లగా గడ్డకట్టి అక్కడే ఆగిందని అర్థం. అలాంటి బొగ్గు నేలలో కలిస్తే వందల ఏళ్లు, ఒక్కొక్కచోట వేల ఏళ్లు కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది. మసి సంగతి వేరు. అది పొగతో పైకి లేచిన సన్నని కర్బన రేణువుల రూపం. మంచు మీద పడితే దాని తెలుపును మాపి, ఎండ వేడిని ఎక్కువగా పట్టేట్టు చేసి, మంచు త్వరగా కరగడానికి కారణమవుతుంది. ఈ మూడు మాటలనూ ఎవరూ కొత్తగా పుట్టించనక్కరలేదు, అవి పూర్వం నుంచీ మన భాషలో ఉన్నవే. ఉన్న మాటలను వాటి వాటి చోట్ల పెట్టడమే రాసేవారి పని.

ఆ వాక్యంలోని ‘అంతా’ కూడా నిలవదు. పెద్ద అడవి మంటల్లో సైతం ముందుగా కాలేవి రాలిన ఆకులు, పుల్లలు, పొదలు, సన్నని కొమ్మలు, కొన్నిచోట్ల నేల పైపొర. లావుపాటి మాను చాలాసార్లు నిలబడే చస్తుంది. ఆ తరువాత ఏళ్ల తరబడి, ఒక్కోసారి దశాబ్దాల తరబడి, చివికి చివికి తన కర్బనాన్ని కొద్దికొద్దిగా గాలికి వదులుతుంది. మంట ఆరిపోయినంత మాత్రాన లెక్క ముగియదు కాబట్టి, ‘కాలడం’తో పాటు ‘చివకడం’ అనే మాటకు కూడా ఇలాంటి వ్యాసాల్లో చోటు ఉండాలని నా అభిప్రాయం.

కర్బనం అన్న మాట గురించి ఇంకొక్క సంగతి. దీనికి సమానమైన ‘కార్బన్’ అనే ఇంగ్లీషు మాటకు మూలమైన లాటిన్ పదానికి అర్థం బొగ్గు. పాత పాఠ్యపుస్తకాల్లో కార్బన్ డైఆక్సైడ్‌ను బొగ్గుపులుసు వాయువు అనేవారు. అందులో పులుసు అంటే ఆమ్లం. ఇప్పుడు పత్రికలు ఈ వాయువును కూడా పొట్టిగా ‘కర్బనం’ అనేస్తున్నాయి. శీర్షికల్లో అది సర్దుకుపోవచ్చు కానీ, అంకెలు వచ్చినచోట ప్రమాదం. కర్బనం పరమాణు భారం 12, దాని డైఆక్సైడ్ అణు భారం 44 కనుక, 1 టన్ను కర్బనం కాలితే సుమారు 3.67 టన్నుల వాయువు పుడుతుంది. 2023లో కెనడాలో దాదాపు కోటిన్నర హెక్టార్ల మేర అడవులు కాలినప్పుడు వెలువడిన కర్బనం సుమారు 65 కోట్ల టన్నులని శాస్త్రజ్ఞుల అంచనా. అదే విషయాన్ని వాయువు లెక్కలో చెబితే సుమారు 238 కోట్ల టన్నులవుతుంది. రెండు అంకెలూ నిజమే. ఏ అంకె పక్కన ఏ పేరు రాశారో చూసుకోకపోతే చదివినవారు మూడున్నర రెట్లకు పైగా పొరబడతారు.

ఇక కార్చిచ్చు విషయం. ఈ మాటలోని ‘కారు’కు నలుపు అనే అర్థం చెప్పేవారు ఉన్నారు. నాకు మాత్రం అడవి అనే అర్థమే సరైనదనిపిస్తుంది. కారడవి, కారెనుము అన్న మాటల్లోనూ ఆ అర్థమే పొసగుతుంది. కన్నడంలో దీనిని కాడ్గిచ్చు అంటారు. కాడు అంటే అడవి, కిచ్చు అంటే నిప్పు. కన్నడంలో కివి అన్నది మనకు చెవి అయినట్లే, అక్కడి కిచ్చు ఇక్కడ చిచ్చు అయింది. తమిళంలో కాట్టుత్తీ అన్నా అడవి నిప్పే. దావానలం, దావాగ్ని అన్నవి సంస్కృత సమాసాలు. దవ, దావ అన్న రెండు శబ్దాలకూ అడవి అనీ, అడవిని కాల్చే నిప్పు అనీ రెండర్థాలను అమరకోశం చెప్పింది. కనుక దావానలం అంటే ఎక్కువ ఒప్పూ కాదు, కార్చిచ్చు అంటే తక్కువ ఒప్పూ కాదు. వాడుకలో కార్చిచ్చే ముందుంది. నేనూ దానినే కోరుకుంటాను. బడబానలాన్ని మాత్రం ఇక్కడికి తీసుకురాకూడదు, అది సముద్రంలో ఉంటుందని పురాణాలు చెప్పిన అగ్ని.

మనుషులు పెట్టిన మంటను కార్చిచ్చు అనవచ్చునా అన్నారు. ఈ మాట మంట ఎక్కడ రేగిందో చెబుతుంది, ఎవరు రేపారో చెప్పదు. కాబట్టి మనిషి వేసిన నిప్పురవ్వ అదుపు తప్పి అడవిని చుట్టుముడితే, దానిని కార్చిచ్చు అనడంలో దోషం లేదు. కానీ చెట్లు కొట్టి, కొన్ని నెలలు ఎండబెట్టి, సాగుకో పశువుల మేతకో నేల కావాలని వరసగా తగలబెట్టినప్పుడు దానిని కార్చిచ్చు అంటే చేసినవారి చేయి కనబడకుండా పోతుంది. అమెజాన్ వంటి తడి అడవుల్లో మంటలు తమంత తాము పుట్టడం అరుదు. అక్కడి మంటల్లో చాలా భాగం ఇలా పెట్టినవే. కెనడాలో కాలే అడవిలో ఎక్కువ భాగానికి కారణం పిడుగులు. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే చదివేవారికి కారణం తెలియదు, కారణం తెలియకపోతే నివారణా తెలియదు.

ఈ తేడాను చూపడానికి తెలుగు క్రియలు ఎంతగా అక్కరకు వస్తాయో గమనించండి. కాలింది, కాల్చారు, అంటుకుంది, అంటించారు, రాజుకుంది, రాజేశారు, తగలబడింది, తగలబెట్టారు. జంటలో మొదటి క్రియ మంట కథ చెబుతుంది, రెండవది మనిషి కథ. ‘అడవి తగలబడింది’ అని రాసే ముందు, అది తగలబడిందా, తగలబెట్టారా అని ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు.

‘కుములు’ అనే క్రియ కూడా ఇక్కడ ఎంతో విలువైనది. నీరు నిలిచిన నేలల్లో, పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాలు వేల ఏళ్లుగా పేరుకుని పీట్ అనే పదార్థం ఏర్పడుతుంది. భూభాగంలో సుమారు 3 శాతమే ఉన్న ఈ పీట్ నేలల్లో, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్నదానికన్నా ఎక్కువ కర్బనం ఉంది. నీరు తీసేస్తే ఆ నేల ఎండి, అంటుకుంటుంది. అయితే అది భగ్గున మండదు, లోలోపల కుములుతుంది. ఉత్తరాది చలి దేశాల్లో శీతకాలమంతా మంచు కింద కుమిలి, వసంతంలో మళ్లీ పైకి వచ్చిన సందర్భాలున్నాయి. ‘నివురుగప్పిన నిప్పు’ అన్న మన జాతీయం ఇక్కడ అక్షరాలా నిజమవుతుంది. ఇండోనేషియాలో వరి సాగు కోసమని కాలువలు తవ్వి పీట్ నేలల్లోని నీటిని తీసివేశారు. 1997లో వానలు మొగం చాటేయగా, ఆ దేశపు పీట్ నేలలూ అడవులూ నెలల తరబడి కాలి, 81 కోట్ల నుంచి 257 కోట్ల టన్నుల వరకు కర్బనం గాలిలో కలిసిందని అంచనా. అక్కడ పాడయింది ముందు నేల, ఆ తరువాతనే మంట.

దీనితో భూ వినియోగం దగ్గరికి వచ్చాం. భూమి పెరగదు, దాని వినియోగం మారుతుంది. అడవి పొలం కావడం, పొలం ఊరు కావడం, చిత్తడి నేల తోట కావడం, వీటన్నిటినీ ‘భూ వినియోగ మార్పు’ అనాలి. ‘భూ వినియోగం పెరిగింది’ అంటే తెలుగుగా ధ్వనిస్తుందే కానీ, ఏమి పెరిగిందో తెలియదు. పైగా ఈ మార్పు ప్రతిచోటా మంటలను పెంచుతుందనీ చెప్పలేం. ఏటా ప్రపంచంలో కాలే నేలలో ఎక్కువ భాగం ఆఫ్రికాలోని గడ్డిమైదానాలు. అవి పొలాలుగా మారి, మంట దాటలేని ముక్కలుగా చీలిపోవడం ముఖ్య కారణంగా, 1998 నుంచి 2015 వరకు ప్రపంచంలో కాలిన విస్తీర్ణం సుమారు నాలుగో వంతు తగ్గింది. గడ్డి కాలితే మరుసటి వానలకు మళ్లీ మొలిచి, వదిలిన కర్బనాన్ని తిరిగి తీసుకుంటుంది; అడవి తిరిగి ఎదగడానికి దశాబ్దాలు పడుతుంది; అడవి ఉన్నచోట పొలం వస్తే మాత్రం ఆ కర్బనం తిరిగి రాదు. మనుషుల వల్ల వెలువడే కార్బన్ డైఆక్సైడ్‌లో దాదాపు పదో వంతు భూ వినియోగ మార్పు నుంచి వస్తున్నదే.

వాతావరణమా, శీతోష్ణస్థితా అన్నది చిక్కు ప్రశ్నే. వాత, ఆవరణం అన్న రెండు మాటల కలయిక కనుక వాతావరణానికి మూలార్థం భూమిని కప్పిన గాలి పొర. ఆ మాటే ఈ రోజు ఎండా వానా చెప్పడానికీ, ముప్పై ఏళ్ల సగటును చెప్పడానికీ కూడా వాడుకలో పడింది. శీతోష్ణస్థితి అన్న పాఠ్యపుస్తకాల మాటలో చలీ వేడీ ఉన్నాయి కానీ వానకూ గాలికీ చోటు లేదు. మంటల విషయంలో ఆ రెండూ ముఖ్యమే. ‘వాతావరణ మార్పు’ అన్న సమాసం అందరికీ తెలిసినది, దానిని కదిలించనక్కరలేదు. గాలి పొర అన్న అర్థంలో మాత్రం వాయుమండలం అని రాస్తే, ‘వాతావరణంలో చేరిన వాయువు వాతావరణాన్ని మారుస్తోంది’ వంటి తికమక వాక్యాలు తప్పుతాయి.

కాబట్టి మీరు పంపిన వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: “అడవులను కొట్టి, తగలబెట్టి సాగునేలలుగా మార్చడం వల్ల చెట్లలోనూ నేలలోనూ నిల్వ ఉన్న కర్బనం వాయుమండలంలో చేరి వాతావరణ మార్పుకు కారణమవుతోంది.” పిడుగుపాటు వల్ల రేగిన కార్చిచ్చుల గురించి చెప్పదలిస్తే అది వేరే వాక్యం కావాలి. రెండింటినీ ఒకదానిలో ఇరికించడం ఆ రచయిత చేసిన మరో పొరపాటు.

నిలువ, నిలవ, నిల్వ మూడూ ‘నిలుచు’ క్రియకు సంబంధించిన రూపాలే. అచ్చులో ఇప్పుడు నిల్వ ఎక్కువగా కనబడుతోంది. ఏది రాసినా ఒక వ్యాసంలో ఒకటే రాయండి. అయితే ‘అడవిలో నిల్వ ఉంది’ అన్నది ఇంతవరకు పేరుకున్న మొత్తం, ‘అడవి ఏటా నిల్వ చేస్తోంది’ అన్నది కొత్తగా చేరుతున్న భాగం. ముదురు అడవిలో మొదటిది ఎక్కువ, లేత అడవి రెండవదానిలో చురుకు. ముదురు అడవిని కొట్టి మొక్కలు నాటి, ‘నిల్వ పెరిగింది’ అని రాసిన వాక్యం మీకు ఎక్కడైనా కనబడితే, ఆ రెండింటిలో దేని గురించి రాశారో అడగండి.