పదో తరగతి తర్వాత ప్లంబర్ కోర్సు: హైదరాబాద్‌లో పని ఉంటుందా?

ప్రశ్న: మాది ఉప్పల్. నేను సెంట్రింగ్ పని చేస్తాను. మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడు. ఇంటర్ వద్దు, ఐటీఐలో ప్లంబర్ కోర్సు చేస్తానంటున్నాడు. మా బావమరిది ప్లంబింగ్ పనులు చేయిస్తుంటాడు. "పైపులు బిగించడానికి చదువెందుకు, నా వెంట పంపండి" అంటున్నాడు. ముందు ముందు ఈ పనికి గిరాకీ ఉంటుందా?

జవాబు: ఉంటుంది. బాబును ఐటీఐలోనే చేర్పించండి. చేయి తిరిగేది సైట్‌లోనే అన్నది నిజమే, కానీ ఇప్పుడు నగరంలో చేయి ఒక్కటే సరిపోవడం లేదు.

కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్లు మీరూ చూసే ఉంటారు. నీళ్లు 10 మీటర్ల ఎత్తు నుంచి దిగితే సుమారు 1 బార్ ప్రెషర్ వస్తుంది. 40 అంతస్తులంటే దాదాపు 120 మీటర్లు. పై ట్యాంకు నుంచి నేరుగా లైన్ దింపితే కింది ఫ్లాట్‌లో కుళాయి మీద 12 బార్లు పడతాయి. కుళాయికి 2, 3 బార్లు చాలు. అందుకే బిల్డింగ్‌ను జోన్లుగా విడదీసి, మధ్యలో ప్రెషర్ తగ్గించే వాల్వులు పెడతారు. ఏది ఎక్కడ రావాలో డ్రాయింగ్‌లో ఉంటుంది. అది చదవడం వచ్చినవాడు నాలుగైదేళ్లలో ఫోర్‌మన్ అవగలడు. రానివాడు ఎన్నేళ్లయినా ఎవరో గీత గీసిన చోట గోడ కొడుతూనే ఉంటాడు. ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను, పనిలో ఏ లోటూ లేనివాళ్లే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మాట మీకు బాగా అర్థమవుతుంది. చివరి స్లాబు పడితే ఆ బిల్డింగ్‌తో సెంట్రింగ్ వాళ్ల పని అయిపోతుంది. ప్లంబర్‌కు అలా కాదు, జనం కాపురం ఉన్నంతకాలం లీకులు, మోటార్లు, డ్రైనేజీ లైన్లు ఉంటాయి. రియల్ ఎస్టేట్ మందగించినా పాత అపార్ట్‌మెంట్లలో పని దొరుకుతుంది.

ప్లంబర్ ట్రేడ్ ఏడాది కోర్సు. దరఖాస్తుకు ముందే ఐటీఐకి వెళ్లి వర్క్‌షాప్ చూడండి. జీఐ (ఇనుప) పైపుకు మర కోయడం, సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులకు జాయింట్లు వేయడం, టైల్స్ పడకముందు లైన్‌కు ప్రెషర్ టెస్ట్ చేయడం పిల్లల చేతే చేయిస్తున్నారా అని అక్కడి పిల్లలనే అడగండి. కోర్సు అయ్యాక అప్రెంటిస్‌షిప్ తప్పకుండా చేయించండి, స్టైపెండ్ వస్తుంది. మాదాపూర్ దగ్గర నిర్మాణ పనులు నేర్పే సంస్థ న్యాక్‌లోనూ ప్లంబింగ్ శిక్షణ ఉంది.

మొదటి రెండేళ్లు డబ్బు తక్కువే వస్తుంది, దానికి ఇంట్లో అందరూ సిద్ధపడాలి. గల్ఫ్ ఆలోచన వస్తే ఏజెంట్ల చేతిలో డబ్బు పెట్టకండి, ముందు విదేశీ ఉద్యోగాలు చూపించే ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో కనుక్కోండి.

బావమరిది గారిని నొప్పించకండి. కోర్సు, అప్రెంటిస్‌షిప్ అయ్యాక బాబుకు మొదటి పని ఆయన దగ్గరే దొరకవచ్చు. ఈలోగా పదో తరగతి మెమో, టీసీ, బోనఫైడ్, ఆధార్ ఒక ఫైల్లో పెట్టి ఉంచండి.