ప్రూఫ్ నాణేల కోసం నగలు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఖమ్మంలో ప్రైవేటు ఉద్యోగం. నెలకు 46,000 చేతికొస్తుంది, ఇంటి ఖర్చులు 38,000. ఇద్దరు పిల్లలు. బ్యాంకులో 14,000 ఉన్నాయి. స్మారక నాణేలు సేకరిస్తాను. వాటికోసం క్రెడిట్ కార్డు మీద 80,000 వాడాను, ఈఎంఐ 7,000 కడుతున్నాను. వాట్సాప్‌లో పరిచయమైన ఒకాయన ఎన్టీఆర్ వంద రూపాయల నాణెం ‘ప్రూఫ్’ 16,000కు, 1964 నెహ్రూ రూపాయి ‘ప్రూఫ్’ 40,000కు, ఇంకొన్ని కలిపి లాట్ మొత్తం లక్షన్నరకు ఇస్తానంటున్నారు. మూడేళ్లలో రెట్టింపవుతుందట. మా ఆవిడ నగల మీద లోను తీసుకుందామనుకుంటున్నాను. అసలు ప్రూఫ్ నాణేన్ని ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: లోను తీసుకోకండి. నాణెం అసలుదే అయినా తీసుకోకండి. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తున్నాయి. అందరూ సరుకు అసలా నకిలీనా అనే అడుగుతారు, కొనే డబ్బు ఎక్కడిదో ఆలోచించరు. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

ముందు మీరడిగింది. చలామణి నాణేలను టంకశాలలో యంత్రం వేగంగా, ఒక్క దెబ్బతో ముద్రిస్తుంది. అవి సంచుల్లో పడి ఒకదానికొకటి రాసుకుంటాయి. సేకర్తల కోసం ప్రత్యేకంగా చేసే ప్రూఫ్‌కైతే అచ్చుకూ, లోహపు బిళ్లకూ ముందే మెరుగు పెడతారు, ఒకటికి మించి ముద్రలు వేస్తారు, ఒక్కో నాణేన్నీ విడిగా తీస్తారు. అందుకే ఖాళీ భాగం అద్దంలా ఉంటుంది, అక్షరాల అంచులు పదునుగా తేలతాయి. ఈమధ్య వచ్చినవాటిలో బొమ్మ మసక తెలుపులో కనిపిస్తుంది. పాతవాటిలో ఆ తెలుపు తక్కువగా ఉండొచ్చు. దీపం కింద మెల్లగా తిప్పి చూడండి. వాడని మామూలు నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. ప్రూఫ్‌లో ఖాళీ భాగం ఒక వైపు నుంచి నల్లగా, ఇంకో వైపు నుంచి అద్దంలా కనబడుతుంది. మామూలు నాణేన్ని రుద్ది మెరిపించి ప్రూఫ్ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. బొమ్మా, ఖాళీ భాగమూ ఒకేలా మెరుస్తుంటే, భూతద్దంలో వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తే అది రుద్దినదే. అలా రుద్దితే సేకర్తల దగ్గర దాని విలువ ఇంకా పడిపోతుంది. ముంబై టంకశాల ఇటీవలి దశాబ్దాల ప్రూఫ్‌ల మీద, నాణెం ఎక్కడ తయారైందో చెప్పే వజ్రం గుర్తుకు బదులు ‘ఎం’ అక్షరం ఉంటుంది. హైదరాబాద్ గుర్తు నక్షత్రం. ఇవేవీ వాట్సాప్ ఫొటోలో తేలవు. లైటు కొంచెం వాలితే పాత రూపాయి కూడా అద్దంలా కనిపిస్తుంది.

పెట్టె చూసి మాత్రం నమ్మకండి. ఎన్టీఆర్ నాణెం 2023 ఆగస్టు 28న విడుదలైంది. హైదరాబాద్ టంకశాలలో తయారైన ఆ నాణేన్ని ప్రూఫ్‌గానూ అమ్మారు, మామూలు ముద్రతోనూ అమ్మారు. రెండూ అందమైన ప్యాకింగ్‌లోనే వచ్చాయి. అప్పట్లో ధర ముద్రనూ, ప్యాకింగ్‌నూ బట్టి సుమారు 4,000 నుంచి 5,000. అంటే టంకశాల దృష్టిలో ఆ రెండింటి మధ్య తేడా వెయ్యి రూపాయల లోపే! బరువు 35 గ్రాములు, అందులో వెండి సగం, 17.5 గ్రాములు. మీ అమ్మకందారు అడిగే 16,000 ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన్నే అడగండి. 1964 నెహ్రూ రూపాయి చలామణిలోకి విరివిగా వచ్చిన నాణెం. 40,000 పెట్టాలంటే అది ప్రూఫే అని, నాణేలను పరీక్షించి స్థాయి చెప్పే పేరున్న గ్రేడింగ్ సంస్థ ధ్రువీకరించాలి. మాట చాలదు. పాత నాణేల పేరిట ఫీజులు, పన్నులు, కమీషన్లు గుంజే మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది. ఈ లాట్ కోసం ‘పన్ను కట్టాలి’ అన్న మాట వినబడితే ఆ నంబరు బ్లాక్ చేయండి.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టిన అంకె 14,000. మీ ఇంటికి అది పదకొండు రోజుల ఖర్చు. ఇంటి ఖర్చు, ఈఎంఐ పోను నెలకు మిగిలేది వెయ్యి. లక్షన్నర లోనుకు పది శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 15,000. ఎక్కడి నుంచి కడతారు? పిల్లాడికి డెంగ్యూ వచ్చి రాత్రికి రాత్రి ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే నాణేల డీలరు తలుపు తీయడు. తీసినా అమ్మిన ధరకు కొనడు. అప్పుడు ఆదుకునేది ఆ నగలే, వాటినే మీరిప్పుడు తాకట్టు పెడతానంటున్నారు! ఆ ఇంటి ఆఖరి ఆసరాను ఫొటోలు పంపే మనిషికి అప్పగించడం ఎంత ప్రమాదమో దయచేసి ఆలోచించండి. మీ ఆవిడను అడిగారా? ఉత్తరంలో ఆ మాట లేదు.

మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 2,28,000, అత్యవసర నిధిగా ఉండాలి. అది పూర్తయ్యేదాకా కొత్త నాణెం ఒక్కటీ కొనవద్దు. మీ దగ్గరున్నవాటిని హైదరాబాద్‌లో ఇద్దరు డీలర్లకు విడివిడిగా చూపించి ధర రాయించుకోండి. వెళ్లే ముందు తుడవకండి. మనసుకు బాగా నచ్చినవి రెండుమూడు ఉంచుకుని మిగతావి అమ్మేసి, వచ్చిన డబ్బుతో కార్డు బాకీ తగ్గించండి. ఈఎంఐ తీరిన నెల నుంచి ఆ 7,000 జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పోవాలి. ఎఫ్‌డీనా, లిక్విడ్ ఫండా అన్నది మీ ఇష్టం. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్‌ల సంగతి ఆ తర్వాత. మీరు పనిచేసే కంపెనీ ఆరోగ్య బీమా ఇచ్చిందా లేదా రాయలేదు. లేకపోతే కుటుంబానికంతటికీ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. ప్రీమియం నాణేలు అమ్మిన డబ్బులోంచే కట్టండి.